పర్లాకిమిడి వైపు మున్సిపాలిటీ పద్దులు: కొన్ని జ్ఞాపకాలు

డిసెంబరు వచ్చిందంటే మావైపు మున్సిపాలిటీ ఆఫీసుల్లో బడ్జెట్ ఫారాలు బీరువాలోంచి బయటికొచ్చేవి. దళసరి కాగితం, ప్రెస్సులో గళ్లు కొట్టించినది, బల్ల మీద పరిస్తే రెండు పక్కలా వేలాడేది. ఎడమ చివర పద్దు పేరు. పక్కన పోయిన ఏడు అసలు లెక్క, ఈ ఏడు మంజూరైన అంచనా, ఏప్రిల్ నుంచి నవంబరు ఆఖరు దాకా నిజంగా జమైంది, సవరించిన అంచనా, చిట్టచివర వచ్చే ఏటి అంచనా. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, రాయగడ, జయపురం... ఒడిశా దక్షిణపు అంచున తెలుగు వినబడే ఊళ్లన్నిట్లో వరస ఇదే. అన్నీ 1950 నాటి ఒడిశా మున్సిపల్ చట్టం కింద నడిచేవే. పెద్దవి మున్సిపాలిటీలు, చిన్నవి ఎనేసీలు, అంటే నోటిఫైడ్ ఏరియా కౌన్సిళ్లు. కాగితం ఒడియాలో, తగువు తెలుగులో.

పర్లాకిమిడి మున్సిపాలిటీ 1885 నాటిది. ఒడిశా రాష్ట్రం 1936లో ఏర్పడింది కాబట్టి ఊరి మున్సిపాలిటీయే రాష్ట్రం కన్నా యాభై ఏళ్లు పెద్దది. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి మాటలు అందుకే ఇంకా పోలేదు. సంతలో వసూలు చేసేది ఇప్పటికీ ఆశీలే, వేలం పాడే పాటదారు ముందు కట్టే డిపాజిట్టు ధరావతే. హెడ్ క్లర్కు మాత్రం బొడొబాబు.

బడ్జెట్ రాయడంలో మొదటి పాఠం ఖర్చు వైపు చూడకుండా ఆదాయం వైపు రాయడం. కౌన్సిలర్లు అడిగేది రోడ్లు, కల్వర్టులు, లైట్లు కాబట్టి ముందు ఖర్చు రాసేసి, దానికి సరిపడేలా ఆదాయం పెంచుకుపోవడం తేలిక. కాగితం మీద మిగులు కనిపిస్తుంది, ఆగస్టు నాటికి జీతాలకి వెతుకులాట. ఈ జబ్బు ఎక్కువగా పట్టేది హోల్డింగ్ టాక్సు, అంటే ఇంటిపన్ను పద్దులోనే.

ఆ పద్దు ఎలా నడిచేదో చెప్పాలంటే డీసీబీ రిజిస్టరు దగ్గర మొదలెట్టాలి. డిమాండు, వసూలు, బాకీ అని మూడు గళ్లు. ప్రతి ఇంటికీ ఒక హోల్డింగు నంబరు, ఒక వరస. ఉదాహరణకి ఒక ఊళ్లో పాత బకాయి 18 లక్షలు, ఈ ఏటి డిమాండు 10 లక్షలు అనుకుందాం. మొత్తం 28 లక్షలు. నిజానికి వసూలయ్యేది పాతదాంట్లో రెండున్నర, కొత్తదాంట్లో ఆరు, కలిపి ఎనిమిదిన్నర లక్షలు. బడ్జెట్లో రాయాల్సింది ఆ ఎనిమిదిన్నర. మరీ ధైర్యం చేస్తే తొమ్మిది. 28 లక్షలూ ఆదాయమని రాసేస్తే పందొమ్మిదిన్నర లక్షల గాలి పద్దులోకొస్తుంది. ఆ గాలి మీద వర్క్ ఆర్డర్లు ఇస్తారు, కాంట్రాక్టరు పని చేస్తాడు, బిల్లు ఫైలులో పడుకుంటుంది. మరుసటేడు ఆ బిల్లు పాతబాకీగా ఖర్చు వైపు వచ్చి కూర్చుంటుంది. మూడేళ్లు ఇలా సాగితే కొత్త పని టెండరుకి నమ్మకమైన కాంట్రాక్టరు రాడు. వచ్చేవాడు ఆలస్యానికయ్యే వడ్డీ కూడా రేటులో కలుపుకునే వస్తాడు.

హోల్డింగ్ టాక్సు అని నోటితో ఒక్కమాట అన్నా, డిమాండు కాగితంలో అది ఒక్క పన్ను కాదు. ఇంటి వార్షిక విలువ మీద హోల్డింగు పన్ను, దాని పక్కన నీటి పన్ను, దీపాల పన్ను, మురుగు పన్ను, లెట్రిన్ పన్ను అని వేరువేరు వరసలు. ఆ లెట్రిన్ పన్ను పాత మరుగుదొడ్ల కాలం నాటిది. మనుషులు మలం తలమీద మోసి శుభ్రం చేసిన ఆ దొడ్లని 1993 చట్టం నిషేధించింది, 2013 చట్టం ఇంకా గట్టిగా బిగించింది. దొడ్లు పోయినా పన్ను పేరు చాన్నాళ్లు లెడ్జర్లో అలాగే ఉండిపోయింది.

వార్షిక విలువ కట్టడానికి టేపు పట్టుకుని ఇల్లిల్లూ కొలవాలి. పెంకుటిల్లా, రేకులా, స్లాబా, సొంతానికా, అద్దెకా, వీధి వైపు దుకాణం ఉందా. అయిదేళ్లకోసారి తిరగ కొలవాలన్నది పద్ధతి. కొలత వాయిదా పడే కొద్దీ పెంకుటింటి పన్ను మీద రెండంతస్తుల మేడ లేచేస్తుంది. కొలత సంవత్సరం ఎన్నికల సంవత్సరం పక్కన పడితే ఫైలు కదలదు, ఇది ఏ ఊళ్లోనైనా అంతే. ఇక నామాంతరం, అంటే పన్ను పుస్తకంలో పేరు మార్చడం. ఇల్లు తాతగారి పేరునే ఉంటుంది, లోపల ముగ్గురన్నదమ్ములు మూడు పొయ్యిలు పెడతారు, పన్ను మాత్రం ఒకరు ఇంకొకరి మీదకి తోస్తారు. దానికి మందు బెదిరింపు నోటీసు కాదు. వాటాల పత్రం తెమ్మని, ఒక హోల్డింగుని మూడు ఉపనంబర్లుగా విడగొట్టి, పాత బకాయిని మూడు భాగాలు చేసి, ఎవరి పుస్తకం వాళ్లకివ్వడం. ఆ పని చేసిన వార్డుల్లో వసూలు దానంతటదే పెరిగేది.

పెద్ద బాకీదారులు ఎప్పుడూ బీదవాళ్లు కారు. సర్కారు ఆఫీసులు, క్వార్టర్లు, గోడౌన్లు. వాళ్ల డిమాండు జాబితా అక్టోబరులోనే విడిగా రాసి, శాఖ శాఖకీ పంపి, వాళ్ల బడ్జెట్ ప్రతిపాదనలోకి ఎక్కేలా చూసుకోవాలి. జనవరిలో పంపితే 'ఈ ఏటికి కేటాయింపు లేదు' అన్న జవాబే వస్తుంది. కేంద్రం ఆస్తుల మీద, రైల్వేవి సహా, రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం పన్ను వెయ్యడానికి లేదు. చేసిన సేవలకి సర్వీసు చార్జీ అడగాలి, అదీ పదేపదే.

జనం దగ్గర వసూలుకి కాలం సంక్రాంతి దాటాకే. "దరోగాబాబూ, కోతలు అవ్వనీండి, పండగెల్లాక మేమే వచ్చి కడతాం." ఈ మాట ప్రతి ఏడూ వినేదే, చాలామంది మాట నిలబెట్టుకునేవాళ్లు కూడా. ఇక్కడ దరోగా అంటే పోలీసు కాదు. ఒడిశా మున్సిపాలిటీల్లో టాక్సు దరోగా అని పన్నుల వసూలు పైన చూసుకునే ఉద్యోగం ఉంది. ఆయన కింద టాక్సు కలెక్టర్లు, చేతిలో అచ్చు నంబర్ల రసీదు పుస్తకం. పుస్తకం ఇచ్చే ముందు ఆకులు లెక్కపెట్టి, ఇన్ని ఆకులు ఉన్నాయని మొదటి పేజీ మీద రాసి సంతకం చెయ్యాలి. వసూలైన సొమ్ము ఆ రోజే, కాకుంటే మర్నాడు పొద్దున్నే క్యాషియరుకి అప్పజెప్పాలి. తప్పు జరిగేది ఇక్కడే: శుక్రవారం వసూలు సోమవారం దాకా జేబులో, తర్వాత నెలాఖరు దాకా. అందుకని బొడొబాబు చెయ్యాల్సిన పని కలెక్టరిచ్చిన మొత్తం చూడ్డం కాదు, రసీదు పుస్తకం తెప్పించి కార్బన్ ఆకులు కూడి, ఆ తేదీలే క్యాష్ బుక్కులో ఉన్నాయా అని చూడ్డం. రద్దైన రసీదుకి మూడు ప్రతులూ పుస్తకంలోనే ఉండాలి. ఒకటి కనబడకపోయినా పుస్తకం ఆపెయ్యాలి.

ఇప్పటివాళ్లకి తెలియనిది ఆక్ట్రాయి. ఊళ్లోకి వచ్చే దారులన్నిటి మీదా ఒక గేటు, రేకు షెడ్డు, బల్ల, లాంతరు. బియ్యం, బెల్లం, నూనె, కలప, బట్టల మూటలు ఏవి ఊళ్లోకి దిగినా సరుకుని బట్టి సుంకం. దారినపోయే లారీకి మాత్రం ఊరు దాటేవరకూ చెల్లే కాగితం. పేచీలు అక్కడే పుట్టేవి: ఊరు దాటిపోతానని కాగితం పుచ్చుకున్న బండి ఊళ్లోనే మూటలు దించేది. లంచాలు, లారీల వరసలు, రాత్రి గొడవలు, అన్నీ నిజమే. కానీ రోజూ పొద్దున్నే గేట్ల నుంచి చిల్లరతో సహా సొమ్ము ఆఫీసుకి చేరేది. జీతాల తారీఖుకి ఎవరి మొహం చూడక్కర్లేకపోయేది. 1999లో ఒడిశాలో ఎంట్రీ టాక్సు వచ్చింది, ఆక్ట్రాయి పోయింది. పోయినదానికి బదులు రాష్ట్రం నుంచి పరిహారం గ్రాంటు. వ్యాపారికి, లారీవాడికి సుఖమే. మున్సిపాలిటీకి మాత్రం రోజుకూలీ పోయి, ఎవరో పంపితే తినే బతుకు వచ్చింది. సొంత ఆదాయం మీద శ్రద్ధ తగ్గడం నా లెక్కలో అప్పుడే మొదలైంది.

మిగిలిన సొంత ఆదాయంలో రుచి ఉన్నది వేలంపాటల్లోనే. సంత ఆశీలు, చేపల బజారు, బస్టాండు, సైకిల్ స్టాండు, చెరువులు, కబేలా, బందెలదొడ్డి. ఒకప్పుడు సైకిలుకీ పన్నుండేది, హ్యాండిలుకి రేకుబిళ్ల కట్టేవారు. పాట ఫిబ్రవరి, మార్చిలో అయిపోవాలి, ఎందుకంటే ఏప్రిల్ ఒకటిన కొత్త పాటదారు సంతలో నిలబడాలి. గత మూడేళ్ల సగటు మీద కొంత పెంచి సర్కారీ పాట, అంటే కనీస ధర, కడతారు. పాడేవాడు ముందు ధరావతు కట్టాలి. సుత్తి పడగానే నాలుగో వంతు అక్కడికక్కడే, మిగతాది వాయిదాల్లో. ఒప్పందం స్టాంపు కాగితం మీద రాసుకోకుండా సంత అప్పజెప్పకూడదు. చాలా బకాయిలకి తల్లి ఆ కాగితం లేకపోవడమే. ఒప్పందం లేనివాడు సంవత్సరం మధ్యలో వానలని, గిరాకీ లేదని చేతులెత్తేస్తే కోర్టులో చూపించడానికి ఏమీ ఉండదు.

పాడేవాళ్లు కుమ్మక్కైతే సర్కారీ పాట దగ్గరే ఆగిపోతుంది, ఒక్కోసారి పాటే ఉండదు. అప్పుడు మున్సిపాలిటీ మనుషుల్ని పెట్టి కొన్నాళ్లు సొంతంగా ఆశీలు వసూలు చేస్తే సంత అసలు విలువ బయటపడుతుంది. వరసగా నాలుగు సంతల లెక్క చాలు. ఆ లెక్క చూపించి మళ్లీ పాట పెడితే రేటు లేస్తుంది. గంపకి ఎంత, బండికి ఎంత, మేకకి ఎంత అని ఒడియాలోనూ తెలుగులోనూ రాసిన రేట్ల బోర్డు సంత గుమ్మంలో ఉండాలి. బోర్డు లేకపోతే గంప దించిన సవర ఆడమనిషి దగ్గర పాటదారు నోటికొచ్చిందే రేటు. కొండల మీంచి చింతపండు, పసుపు, అల్లం మోసుకొచ్చేవాళ్లే మా సంతలకి ప్రాణం, మోసపోయేదీ వాళ్లే.

ఖర్చు వైపు వరస మారదు. జీతాలు, పింఛన్లు, కరెంటు బిల్లు, పారిశుద్ధ్యం, డీజిలు. ఇవి పోగా ఏమైనా ఉంటే రోడ్లు. వీధిదీపాల లెక్క ఒక్కటి విప్పి చూడండి. వెయ్యి స్తంభాలకి 40 వాట్ల ట్యూబులైట్లు ఉన్న ఊరు. పాత రాగి చోకు తినేది కలుపుకుంటే దీపానికి 52 వాట్లు. రాత్రికి 11 గంటలు, ఏడాదికి 4015 గంటలు. 52 కిలోవాట్లని 4015తో హెచ్చిస్తే 2,08,780 యూనిట్లు. అవే స్తంభాలకి 20 వాట్ల ఎల్ఈడీలు పెడితే 80,300 యూనిట్లు. ఎల్ఈడీలు వచ్చాక మున్సిపాలిటీలకి జరిగిన మేలు ఇదే, అందులో సందేహం లేదు. కాకపోతే ట్యూబులైటు పాడైతే లైటుమాను వెదురునిచ్చెన ఎక్కి, సంచీలోంచి స్టార్టరు తీసి తిప్పి చూసేవాడు. వెలగకపోతే పట్టీ కదిపేవాడు, అప్పటికీ కాకపోతే చోకు మార్చేవాడు. అయిదు రూపాయల సామానుతో సగం దీపాలు లేచేవి. ఎల్ఈడీలో ముందు పోయేది దీపం కాదు, డ్రైవరు, అంటే దీపానికి కరెంటు సరిచేసి అందించే లోపలి సామాను. పిడుగులకి, కరెంటు పోయి వచ్చేటప్పటి దెబ్బకి అదే కాలిపోతుంది. ఫిట్టింగు మొత్తం విప్పి కంపెనీకి పంపి, అది తిరిగొచ్చేలోపు వీధి చీకటి. నూటికి అయిదు ఫిట్టింగులు స్టోరులో ఉంచుకోని ఊరు వానాకాలం తిట్లు తినాల్సిందే.

ఇంకో చిల్లు మీటరు లేని లైన్లది. అక్కడ బిల్లు స్తంభాల లెక్క మీద వస్తుంది. కాలిపోయిన దీపానికీ, లేని స్తంభానికీ డబ్బు కడుతూనే ఉంటారు. ఏడాదికోసారి కరెంటువాళ్లతో కలిసి రాత్రిపూట వార్డు వార్డూ తిరిగి, స్తంభం నంబరు, వాట్లు, వెలుగుతోందా లేదా అని రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఆ కాగితం లేకుండా బిల్లు మీద ఎంత వాదించినా దండగ. పగలు వెలిగే దీపాలదీ అదే సంగతి: స్విచ్చి వేసే మనిషి ఎవరో, తియ్యాల్సింది ఎవరో తేల్చకపోవడమే కారణం.

నీళ్ల పథకం మా రోజుల్లో నడిపింది రాష్ట్రం పబ్లిక్ హెల్త్ ఇంజనీరింగువాళ్లు. వీధి కుళాయి, ట్యాంకరు, జనం తిట్లు మాత్రం మున్సిపాలిటీవి. మావైపు మహేంద్రతనయ, వంశధార, నాగావళి నదుల ఇసుకలో బావులు దింపి నీళ్లు తోడతారు. మే నెలలో ఇసుక కింద మట్టం దిగితే పంపు గాలి పీలుస్తుంది, చివరి వీధులకి ముందు నీళ్లు ఆగుతాయి. ముప్పయివేల జనాభాకి మనిషికి 70 లీటర్లంటే రోజుకి 21 లక్షల లీటర్లు. దానికి లీటరుకి 2 మిల్లీగ్రాముల క్లోరిన్ వెయ్యాలంటే 4.2 కిలోల క్లోరిన్ కావాలి. బ్లీచింగు పొడిలో పనికొచ్చే క్లోరిన్ 25 శాతం ఉంటే రోజుకి 17 కిలోలు. తాజా పొడిలో 33 శాతం దాకా ఉంటుంది, దానితో 13 కిలోలు చాలు.

ఈ పొడి గురించి కొంచెం ఆగి చెప్పాలి. మార్చిలో గ్రాంటు మురిగిపోతుందని ఏడాదికి సరిపడా బ్లీచింగు కొని గోడౌన్లో వేసేవారు. రేకుల కప్పు, వేడి, తేమ. జూలైలో అసలు అవసరం వచ్చేనాటికి బస్తాలో మిగిలేది సున్నమే. రంగు తెల్లగానే, వాసన కొంచెం ఉంటుంది, పని మాత్రం చెయ్యదు. మూడు నెలలకి మించి కొనకూడదు. బస్తాల మీద తయారీ నెల చూసి పాతవి ముందు తియ్యాలి. నేల మీద కాకుండా చెక్కల మీద పేర్చాలి. బావిలో వెయ్యడానికీ లెక్కుంది. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల లోతు నీళ్లున్న బావిలో సుమారు 28 వేల లీటర్లు. మంచి పొడి వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు, అంటే 70 గ్రాములు. గుప్పెళ్లకొద్దీ పొడి అలాగే విసిరేసేవారు, సున్నం అడుక్కి పోయి నీళ్లు తెల్లబడేవి, జనం ఆ బావి మానేసి చెరువుకి పోయేవారు. సరైన పద్ధతి: బకెట్లో కొద్ది నీళ్లతో పొడిని ముద్ద చేసి, ముప్పావు బకెట్ వరకు నీళ్లు పోసి కలిపి, అయిదు పది నిమిషాలు వదిలెయ్యాలి. సున్నం కిందికి దిగాక పై తేటని వేరే బకెట్లోకి ఒంపి, దాన్ని బావిలోకి దించి నీళ్ల అడుగున అటూ ఇటూ కుదపాలి. గంట తర్వాతే తోడాలి. కుళాయి నీళ్లైతే వీధి చివరి కుళాయి దగ్గర పట్టి చూడాలి, ట్యాంకు దగ్గర కాదు. పరీక్ష గొట్టంలో మందు చుక్క వేస్తే పసుపు తిరగాలి, రంగుబిళ్లతో పోలిస్తే క్లోరిన్ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. చివరి కుళాయిలో రంగు రాకపోతే దారిలో ఎక్కడో గొట్టం పగిలి మురుగు కలుస్తోందని అనుమానించాలి. చాలాసార్లు అది కాలవ అడుగున పోయే ఇంటి కనెక్షన్ దగ్గరే ఉంటుంది.

కాలవల పూడిక మేలోనే అయిపోవాలి. రెండడుగుల వెడల్పు కాలవలో అడుగు మందాన బురద ఉందంటే వంద మీటర్లకి సుమారు పద్దెనిమిదిన్నర ఘనమీటర్లు. ట్రాక్టరు తొట్టిలో మూడు పడితే ఆరేడు ట్రిప్పులు. ఎస్టిమేటులో కూలీ రాసి ట్రాక్టరు రాయకపోతే బురద గట్టు మీదే ఉంటుంది, ఆరాక తీద్దామంటారు, మొదటి వానకి తిరిగి కాలవలోకే. పొద్దున్న తీసింది సాయంత్రానికి ఎత్తెయ్యాలి. పారిశుద్ధ్య కార్మికుల పని చూసే జమాదారు తెల్లారకుండానే మస్టరు, అంటే హాజరు, వేసేవాడు. హాజరు ఒకచోట, పని ఇంకోచోట అయితే హాజరుకీ పనికీ సంబంధం ఉండదు. వార్డులోనే మస్టరు పెట్టిన ఊళ్లలో వీధులు శుభ్రంగా ఉండేవి. ఆ పారిశుద్ధ్య కార్మికుల్లో చాలామంది ఉత్తరాంధ్ర నుంచి తరాల కిందట వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లే. చేతికి గ్లౌజులు, కాలికి బూట్లు అన్న పద్దు బడ్జెట్లో ఎప్పుడూ ఉండేది, కోత పడాల్సి వస్తే మొదటి కత్తెర కూడా దాని మీదే పడేది.

ఇప్పుడు చెత్త పద్ధతి మారింది. 2016 నిబంధనల తర్వాత తడి చెత్త, పొడి చెత్త ఇంటి దగ్గరే వేరు చెయ్యాలి. ఒడిశాలో మహిళా సంఘాలవాళ్లు బ్యాటరీ బళ్ల మీద తీసుకెళ్తారు, తడి చెత్త చిన్న ఎరువు కేంద్రాల్లో తొట్టెల్లోకి, పొడిది ఏరే షెడ్డుకి. సెప్టిక్ ట్యాంకులు తోడే బండి, ఆ మడ్డి శుద్ధి చేసే ప్లాంటు కూడా వచ్చాయి. పని బాగుంది. తొట్టె కంపు కొట్టిందంటే తడి ఎక్కువైందని. ఎండాకులో రంపపు పొట్టో కలిపి తిరగెయ్యాలి. బ్యాటరీ బండి ఆగిందంటే మాత్రం బ్యాటరీ సెట్టు మార్చడానికి డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకి జవాబు గ్రాంటుల్లో లేదు.

గ్రాంటుల సంగతి అదే. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి చిన్న పట్టణాలకిచ్చే సొమ్ములో 30 శాతం నీళ్లకి, 30 శాతం పారిశుద్ధ్యానికి కట్టేసింది. మిగతా 40 శాతం స్వేచ్ఛగా వాడుకోవచ్చంది, జీతాలకి తప్ప. పథకానికో బ్యాంకు ఖాతా, పథకానికో క్యాష్ బుక్కు, ఖర్చు చేశాక వినియోగ పత్రం. వినియోగ పత్రం వెళ్లకపోతే తర్వాతి వాయిదా రాదు. మొత్తం ఖాతాల్లో కోట్లు కనిపిస్తాయి, సొంత నిధి ఖాతాలో కరెంటు బిల్లుకి ఉండదు. పార్కు కట్టడానికి డబ్బుంది, పార్కులో బోరు మోటారు వైండింగుకి లేదు. ఏ కొత్త కట్టడానికైనా ఎస్టిమేటు పక్కనే దాన్ని నడపడానికి ఏడాదికి కరెంటు ఎంత, మనిషి ఎంత, మరమ్మతు ఎంత అని ఒక వరస రాసి, ఆ మొత్తం సొంత నిధి ఖర్చులో కలిపాకే కౌన్సిల్ ముందు పెట్టాలన్నది పాత బొడొబాబుల పట్టుదల. కట్టేవాళ్లకి ఆ వరస ఎప్పుడూ నచ్చదు.

సిమెంటు రోడ్డు పనులు మార్చిలో పడతాయి, అదో దురదృష్టం. వంద మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల మందం అంటే 45 ఘనమీటర్లు, దగ్గర దగ్గర మూడొందల బస్తాల సిమెంటు. ఆ ఎండల్లో రోడ్డు మీద గట్లు కట్టి నీళ్లు నిలబెట్టకపోతే పైన సన్నని పగుళ్లు, వానాకాలానికి దుమ్ము లేచిపోతుంది. నీళ్లకే ట్యాంకర్లు వెతుక్కునే నెలలో రోడ్డుకి ఎవరు పోస్తారు? జూనియరు ఇంజనీరు మెజర్‌మెంటు బుక్కులో రాసే మందం అంచు దగ్గర కొలిచింది కాకూడదు. అంచు ఎప్పుడూ దళసరిగానే పోస్తారు, మధ్యలో తవ్వి చూడాలి. పాత రోడ్డు మీదే కొత్తది పోస్తూపోతే వీధి ఇళ్ల గుమ్మాల కన్నా ఎత్తెక్కుతుంది, వాన నీళ్లు వసారాలోకి వస్తాయి. పాతది తవ్వి తియ్యడం ఎస్టిమేటులో రాయమంటే ఖర్చు పెరుగుతుందని కొట్టేస్తారు.

రథజాత్రకి, దసరాకి గోతులు పూడ్చడం, తాత్కాలిక కుళాయిలు, అదనపు దీపాలు, బ్లీచింగు, అన్నిటికీ ఒక పద్దు ఉండేది. తుపానుకి మాత్రం చాలా ఊళ్లు పద్దు పెట్టవు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని ముంచేసినప్పుడు తెలిసొచ్చింది, కావాల్సింది పెద్ద నిధి కాదు. రంపాలు, తాళ్లు, టార్పాలిన్లు, జనరేటరు అద్దె, ట్యాంకరు అద్దె, జేసీబీ గంట అద్దె, వీటి రేట్లు సెప్టెంబరులోనే టెండరు పిలిచి ఖాయం చేసుకుని ఉండాలి. తుపాను రాత్రి బేరమాడితే జనరేటరు రేటు మూడింతలు, తర్వాత ఆడిట్ అభ్యంతరం ఆరేళ్లు.

మార్చి 31 రాత్రి ఆఫీసులో దీపాలు ఆరేవి కావు. ట్రెజరీకి పోవాల్సిన బిల్లులు ముందే పోయుండాలి. ఆ రోజు మిగిలేది క్యాష్ బుక్కు మూసి, చేతిలో నగదు లెక్కపెట్టి, బ్యాంకు పాసుపుస్తకంతో సరిచూడటం. రెండూ ఒక్కలా ఉండవు. ఇచ్చిన చెక్కులు జమకి రాకపోవడం, బ్యాంకు వేసిన వడ్డీ మన పుస్తకంలో ఎక్కకపోవడం, ఎవరో నేరుగా ఖాతాలో కట్టిన పన్ను. ఒక్కో తేడాకి తేదీ, చెక్కు నంబరు రాసి జాబితా తేల్చాలి. మొత్తంగా తేడా ఇంత అని ఒక్క వరసలో రాసేస్తే ఆ తేడా ఏళ్లకేళ్లు నడుస్తుంది. 2004లో జాతీయ మున్సిపల్ అకౌంట్స్ మాన్యువల్ వచ్చాక జంటపద్దు విధానం పట్టుకుంది, కంప్యూటరు వచ్చింది. ఈ సరిచూసే పని మాత్రం ఏ సాఫ్టువేరూ మనిషి చేతి నుంచి తీసుకోలేదు.

ఏప్రిల్ మొదటివారం కొత్త డీసీబీ రిజిస్టర్లోకి పాత బాకీలు ఎక్కించే పని. వేల వరసలు, పక్కపక్కన ఇద్దరు గుమస్తాలు, ఒకరు చదవడం, ఒకరు రాయడం. 1,240 అన్నది 124గా రాయబడితే ఆ ఇంటివాడికి లాభం, మున్సిపాలిటీకి ఎప్పటికీ తెలియని నష్టం. అందుకే ప్రతి పేజీ అడుగున మొత్తం కూడి, వార్డు మొత్తం పాత రిజిస్టరుతో కలిశాకే తర్వాతి వార్డు తెరిచేవారు. కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు చాలాచోట్ల ఈ వార్డు మొత్తం చూడ్డమే వదిలేశారు. నంబరు ఉన్నా పేరు లేని హోల్డింగులు, పేరు ఉన్నా వీధి లేనివి అప్పుడు పుట్టినవే. ఇప్పటికీ నోటీసులు తిరిగొచ్చేది ఆ వరసల నుంచే. వాటిని సరిచెయ్యాలంటే పాత రిజిస్టరు తీసి, ఆ వీధిలో పుట్టి పెరిగిన టాక్సు కలెక్టరుని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరగాల్సిందే.